గ్రంథం మీద చెయ్యి

‘డోర్కాస్’ ఓడ ఇల్లు చేరింది. కడుపు నిండా తిమింగలపు నూనెతో, చెక్కుచెదరని తెరచాపలతో చేరింది. వెళ్ళినవాళ్ళందరూ వచ్చారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు జేబెజ్ స్వేన్: ఆ ఓడ కెప్టెన్ షూబెల్ పింకమ్‌కు అల్లుడు, మేరబ్‌కు భర్త, తిమింగలం మీదికి తొలి బల్లెం విసిరే చెయ్యి. అమెరికా తీరాన మా నాంటకెట్ దీవి ఇంకా రెండు రోజుల దూరం ఉందనగా ఇంగ్లీషు యుద్ధనౌక ఒకటి అడ్డుపడి, ‘వీడు మా రాజు ప్రజ’ అని అతన్ని పట్టుకుపోయింది. దీవికి తెలిసింది అంతవరకే. ఆపై సంగతి షూబెల్ చెప్పలేదు. రేవులో కాలు మోపిన నాటి నుంచి ఆయన ముఖం చలికాలపు తలుపులా బిగుసుకునే ఉంది.

ఇప్పుడు పద్దెనిమిది వందల పన్నెండు, నాలుగో నెల. వారంలో మొదటి రోజు, లోకం ఆదివారం అనే రోజు, ఉదయం. సముద్రం మీది పొగమంచు వీధుల్లోకి నడిచివచ్చి, గడప గడప దగ్గరా ఆగి, లోపలికి తొంగిచూస్తోంది.

మేరబ్ కూతురికి తల దువ్వుతోంది. నానమ్మ పేరే పెట్టుకున్న చిన్న డెబోరాకు రెండేళ్ళు నిండాయి. తండ్రి సముద్రం మీదికి వెళ్ళాక పుట్టిన పిల్ల. తండ్రి అంటే ఆ పిల్లకు ఇంటికప్పు మీద అమ్మ నిలబడి చూసే దిక్కు. మా దీవిలో మగవాళ్ళు పుట్టుకలు చూడరు. రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగివచ్చి, నడిచే పిల్లలను చూస్తారు. పుట్టుకలూ చావులూ ఆడవాళ్ళ లెక్క. అలలూ తిమింగలాలూ మగవాళ్ళ లెక్క.

తలుపు దగ్గర అలికిడి అయింది.

“లోపలికి రా,” అంది మేరబ్, తల తిప్పకుండానే. “టోపీ చేత్తో పట్టుకుని అక్కడ నిలబడితే మా వీధిలో బిచ్చగాడనుకుంటారు.”

వచ్చినవాడు లెమ్యుయెల్ ట్రాస్క్, సేలం పట్నపు లాయరు. నాలుగు రోజులుగా దీవిలో ఉంటున్నాడు. బూడిదరంగు బట్టల మా వీధుల్లో అతని నీలం కోటు దూరం నుంచే కనిపిస్తుంది.

“మీ దీవిలో నన్ను ‘మీరు’ అన్న నోరు ఒక్కటీ లేదమ్మా,” అన్నాడు అతను నవ్వబోయి. “చేపలమ్మే పిల్ల కూడా ‘నీకేం కావాలి’ అంటోంది.”

“మేం దేవుణ్ణే నువ్వంటాం. నీకోసం అంతకన్నా పెద్దపీట ఎక్కణ్ణించి తెచ్చేది? కూర్చో.”

అతను కూర్చున్నాడు. ఎండుచేపల పులుసు వాసన, తడి ఉన్ని వాసన కలిసిన ఆ వంటగదిలో అతని మోకాళ్ళు ఎక్కడా ఇమడలేదు.

“నేను ఇంగ్లండుతో యుద్ధం కోరేవాణ్ణని మీవాళ్ళు నా ముఖం చూడటం లేదు. నిన్న రేవులో ఒక ముసలాయన మొహం మీదే అడిగాడు. ‘యుద్ధమొస్తే మీ ఊళ్ళో బాకాలు ఊదుకుంటారు. మా ఓడలన్నీ భూగోళానికి అవతల ఉన్నాయి. వాటిని ఎవడు పిలుచుకొస్తాడు, నీ తాతా?’ అని.”

“నువ్వేమన్నావ్?”

“ఏమనను? మా తమ్ముణ్ణి పట్టుకుపోయి ఏడేళ్ళయింది. ఏ నౌకలో ఉన్నాడో, ఉన్నాడో లేడో తెలీదు. మా అమ్మ ఇప్పటికీ వాడి కంచం తోమి బోర్లిస్తుంది.” ట్రాస్క్ టోపీ అంచును వేళ్ళతో తిప్పాడు. “ఆ సంగతి వదిలేయండి. మీకో కబురుంది. జేబెజ్‌ను తీసుకుపోయిన నౌక ఉత్తరాన ఇంగ్లీషువాళ్ళ హాలిఫాక్స్ రేవులో మరమ్మతుకు ఆగింది.”

మేరబ్ దువ్వెన ఆగింది.

“హాలిఫాక్స్. జేబెజ్ వాళ్ళ నాన్న పోయింది అక్కడే,” అంది నెమ్మదిగా. “అప్పట్లో ఇంగ్లండు మన నూనె కొననంటే, వాళ్ళ జెండా కింద వేటకెళ్తే కొంటారని ఇక్కణ్ణించి కొందరు అటు పోయారు. ఆయనా పోయాడు. ఒక్క చలికాలం అని పోయాడు, మట్టిలో కలిశాడు.”

“అయితే కొడుకును వెనక్కి తెచ్చుకుందాం. అక్కడ మా మనిషి ఒకడున్నాడు. పట్టుబడినవాడు మన గడ్డ మీద పుట్టాడని అతని కెప్టెన్ బైబిలు గ్రంథం మీద చెయ్యేసి ఒట్టేస్తే, అది నేను ముద్ర వేసి పంపిస్తే, అక్కడి అధికారి వదిలేస్తున్నాడు. పోయిన నెలలో ఇద్దరిని వదిలాడు. కానీ అమ్మా, ఇదంతా యుద్ధం ప్రకటించేదాకానే. వాషింగ్టన్‌లో మాటలు ముదిరిపోయాయి. ఎండలు ముదిరేలోగా ఫిరంగులు మాట్లాడతాయంటున్నారు. ఆ తర్వాత ఏ ఒట్టూ ఏ గోడా దాటదు. నా పడవ ఈ మధ్యాహ్నం పోటుకే బయల్దేరుతుంది.”

“నాన్నను అడిగావా?”

“అడిగాను. ‘నన్ను అడగవలసింది నువ్వు కాదు’ అన్నారు. అంతే.” ట్రాస్క్ లేచాడు. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగాడు. “ఒక్క మాట. తప్పయితే మన్నించండి. ఆ ఇంగ్లీషు లెఫ్టినెంట్లకు ఒక అలవాటుంది. మనిషిని ఎంచుకున్నాక కెప్టెన్ ముందుకు గ్రంథం చాపుతారు. ‘ఒట్టేస్తే వదిలేస్తా’ అంటారు. వేస్తే చాలామంది వదిలేస్తారు కూడా. మీ నాన్నగారి ముందుకు చాపారా?”

తండ్రి ఇల్లు చేరిన రోజు మేరబ్ అన్నీ అడిగింది. భర్త బతికున్నాడా అని అడిగింది, బతికున్నాడన్నాడు తండ్రి. కొట్టారా అంది; లేదన్నాడు. ఏడ్చాడా అంది, లేదన్నాడు. ఇది మాత్రం అడగలేదు. మా మనుషుల తీరు అంతే. అడిగినదానికి నిజం చెబుతారు. అడగనిదాన్ని గుండెలో మోస్తూ తిరుగుతారు.

*

కూటపు మందిరానికి దారి ఎగువ. ముసలి హెప్సిబా చిన్న డెబోరాను వేలు పట్టుకుని నడిపిస్తోంది. ఆమె దీవికి మంత్రసాని, మేరబ్‌కు పిలుపు వరసకే అత్త. ఆడవాళ్ళ కూటానికి పెద్ద. ఇప్పుడు ఓడలు నడిపే మగవాళ్ళలో సగం మంది తొలి ఏడుపు విన్నది ఆమే.

“మెల్లిగా నడువు తల్లీ, దేవుడు మంచులో ఎక్కడికీ పారిపోడు,” అంది పిల్లతో. తర్వాత మేరబ్ వైపు తిరిగి, “ముఖం అలా పెట్టకు. మగాడు లేని ఇల్లు మనకేం కొత్త? మా ఆయన మూడేళ్ళ తర్వాత గుమ్మంలోకొచ్చి, పెరట్లో గొర్రెపిల్లను తోలుతున్నవాణ్ణి చూసి, ‘ఎవరి పిల్లాడే వీడు’ అన్నాడు. ‘నీ వాడే’ అన్నా. ‘అలాగా’ అని ఒక్క క్షణం ఆలోచించి, ‘పొయ్యి మీద ఏముంది’ అన్నాడు.”

మరో రోజయితే మేరబ్ నవ్వేది.

“అత్తా, ఇవాళ కూటంలో నేను లేచి మాట్లాడతాను.”

“ఆత్మ కదిలిస్తే లే. కోపం కదిలిస్తే కూర్చో.”

“రెండూ ఒకేసారి కదిలిస్తే?”

ముసలామె వంగి పిల్ల శాలువా సర్దింది.

“హాలిఫాక్స్‌లో వదిలేస్తున్నారట అత్తా. పుట్టుక గురించి ఒట్టేస్తే చాలట.”

హెప్సిబా ఆగిపోయింది. “ఎవరి పుట్టుక?”

“జేబెజ్‌దే. ఇంకెవరిది?”

మంచు వారి మధ్యగా నడిచిపోయింది. హెప్సిబా పిల్ల వేలిని కాస్త గట్టిగా పట్టుకుంది. మిగిలిన దారంతా ఆమె నోటి నుంచి హాస్యం రాలేదు.

*

లోకం క్వేకర్లని పిలిచే మా కూటంలో పాట లేదు, గంట లేదు, గురువు లేడు. వేదిక లేదు, దీపం లేదు, బొమ్మ లేదు. ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు, మధ్యలో మౌనం. మగవాళ్ళ తలల మీద టోపీలు అలాగే ఉంటాయి. దేవునితో మాట్లాడేటప్పుడే అవి దిగుతాయి, మనిషికి దిగవు. ఎదురుబల్ల మీద పెద్దలు అందరికీ అభిముఖంగా కూర్చుంటారు. ఆత్మ కదిలించినవారు లేచి మాట్లాడతారు. ఆ మాట మౌనంలో మునిగిపోతుంది. పెద్దలిద్దరు చెయ్యీ చెయ్యీ కలిపితే కూటం ముగిసినట్టు.

ఆ రోజు మగవాళ్ళ వరుసల చివర, టోపీ తీసిన తలతో, చంకలో పెద్ద తోలుసంచితో ట్రాస్క్ కూర్చున్నాడు. ఎదురుబల్ల మీద జెకర్యా హస్సీ, పక్కన షూబెల్ పింకమ్. షూబెల్ చేతులు రెండూ మోకాళ్ళ మీద బోర్లించి ఉన్నాయి, ఒడ్డుకు లాగి బోర్లించిన పడవల్లా.

మౌనం దిగింది. దగ్గు వినిపించింది, ఆగింది. గాలి తలుపును తట్టింది, వెళ్ళింది. మౌనం ఇంకా లోతుకు దిగింది.

మేరబ్ లేచింది.

“నాన్నా,” అంది.

కూటంలో ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. బల్లలు కిర్రుమన్నాయి.

“నాన్నా, నాకు వంటగదిలో అడిగే ధైర్యం చాల్లేదు. ఇక్కడ అడుగుతున్నా. ఆ ఇంగ్లీషువాడు నీ ముందుకు గ్రంథం చాపాడా?”

జెకర్యా హస్సీ అనుభవజ్ఞుడు. తెగబోయే తాడును ముందే గుర్తించే చూపు ఆయనది. మాట మరొకటి లేవకముందే కూటం ముగించాలని, కుడిచెయ్యి చాపి షూబెల్ వైపు తిప్పాడు. షూబెల్ ఆ చెయ్యి అందుకుంటే చాలు. అందరూ లేస్తారు, అడిగిన మాట అడిగినట్టే గాలిలో కలిసిపోతుంది.

షూబెల్ ఆ చేతిని చూశాడు. అందుకోలేదు.

“చాపాడు,” అన్నాడు.

జెకర్యా చెయ్యి గాలిలో కాసేపు నిలిచి, మెల్లగా తన ఒడిలోకి తానే తిరిగివెళ్ళింది.

షూబెల్ లేచి నిలబడ్డాడు. తుఫానులో ఓడ ఈ చివరి నుంచి ఆ చివరికి వినిపించే గొంతు ఆయనది. ఆ రోజు మూడో వరుస దాటలేదు. అందుకని అందరూ ఊపిరి బిగపట్టారు.

“ఎండ బాగా కాసింది ఆ పొద్దున. మా ఓడ ముక్కు ముందు నీళ్ళలో ఫిరంగి పేల్చారు. ఆగాం. లెఫ్టినెంట్ ఎక్కొచ్చాడు. కుర్రాడు. దగ్గుతున్నాడు, రుమాల్లో నెత్తురు. నా వైపు చూసి ‘టోపీ’ అన్నాడు. ‘ఏ టోపీ?’ అన్నా. ‘మీ నెత్తిమీది టోపీ. రాజుగారి అధికారి ముందు అది దిగాలి.’ ‘ఇది నీకూ దిగదు, నీ రాజుకూ దిగదు, మా అధ్యక్షుడికీ దిగదు’ అన్నా.”

వెనక వరుసలో ఎవరో ముక్కుతో నవ్వి, వెంటనే సర్దుకున్నారు.

“మనవాళ్ళను వరసగా నిలబెట్టాడు. భుజాలు చూసుకుంటూ వచ్చాడు, సంతలో ఎడ్లను చూసినట్టు. జేబెజ్ దగ్గర ఆగాడు. ‘వీడి మాట మా ఊరి యాస’ అన్నాడు. జేబెజ్ పౌరపత్రం చూపించాడు. ‘ఇలాంటివి ప్రతి రేవులో సారా దుకాణంలో దొరుకుతాయి’ అని చూడకుండా మడిచి ఇచ్చేశాడు. నేను ముందుకెళ్ళా. ‘వాడు మా దీవివాడు. మా పక్కింటి పెరట్లో మోకాళ్ళ మీద పాకుతుంటే చూశా. నా పిల్లనిచ్చా. నా మాట నమ్ము’ అన్నా.”

“నమ్మాడా?” అంది మేరబ్.

“నమ్మాడు. అదే నాకు నిద్ర పట్టనివ్వటం లేదమ్మా. నమ్మాడు. ‘క్వేకర్లు అబద్ధమాడరని విన్నా. మీ మాట నాకు చాలు. మా కెప్టెన్‌కు చాలదు. నాకు మనుషులు కావాలి, నా నౌకలో సగం మందిని జ్వరం తినేసింది. ఊరికే వదిలేస్తే నా వీపు చీరేస్తారు. ఒట్టేశాడని చెప్పుకోనివ్వండి’ అన్నాడు. గ్రంథం తెప్పించాడు. ‘దీని మీద చెయ్యి పెట్టి, వీడు నాంటకెట్‌లో పుట్టాడని అనండి. అంతే. నేను దిగిపోతా.’”

షూబెల్ కుడిచెయ్యి ముందుకు చాపాడు.

“చిన్నప్పటి నుంచి నాకు ఒకటే నేర్పారు. ఒట్టు పెట్టినవాడు, ఒట్టు లేని రోజుల్లో అబద్ధమాడే హక్కు దాచుకున్నట్టే. అవునంటే అవును, కాదంటే కాదు. అంతకుమించినది చెడు. ఇరవై ఏళ్ళు ఈ బల్ల మీద కూర్చుని మీ పిల్లలకు నేనూ అదే చెప్పా. ఆ గ్రంథానికీ నా చేతికీ మధ్య జానెడు దూరం ఉంది. జేబెజ్ నా ముఖం చూడలేదు. నా చెయ్యి చూశాడు. చూస్తూనే ఉన్నాడు.”

“పెట్టలేదు,” అంది మేరబ్. అది ప్రశ్న కాదు.

“పెట్టలేదు.”

ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరిదో వెక్కు వినిపించింది. మేరబ్‌ది కాదు. మేరబ్ కళ్ళు ఎండలో ఆరేసిన ఉప్పుచేపల్లా పొడిగా ఉన్నాయి.

“పడవలోకి దిగేముందు ఏమన్నా అన్నాడా?”

“అన్నాడు. ‘మేరబ్‌తో చెప్పు మామా, మీ నాన్న మాట తప్పని మనిషి అని.’” షూబెల్ కూతురి వైపు తిరిగాడు. “అది దీవెనో తిట్టో నాకు ఇంకా తెలీదు. రోజూ తిరగేసి చూస్తున్నా. ఒకరోజు దీవెనగా ఉంటుంది. ఒకరోజు తిట్టుగా ఉంటుంది.”

“నీ మాట నీకు దక్కింది నాన్నా,” అంది మేరబ్. “నా మనిషి నాకు దక్కలేదు. నువ్వు ఇంటికొచ్చిన రోజు నీ చేతులు కళ్ళకద్దుకున్నా, పిల్లను నీ ఒళ్ళో పెట్టా. ఆ చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో ఇవాళ తెలిసింది. అంత శుభ్రం నాకొద్దు.”

తల్లి గొంతులో మార్పు పసికట్టిన చిన్న డెబోరా బల్ల దిగి, ఆమె గౌను అంచు పట్టుకుంది.

అప్పుడు ట్రాస్క్ లేచాడు. బయటివాడు కూటంలో లేవకూడదని అతనికి తెలుసు, చెవులు ఎర్రబడ్డాయి.

“కెప్టెన్ గారూ, ఇంకా సమయం మించిపోలేదు. ఆ రోజు పెట్టని ఒట్టు ఇవాళ పెట్టండి. హాలిఫాక్స్‌కు నేనే పంపిస్తా. ఒట్టు లేని వాంగ్మూలం మన న్యాయస్థానాలకు చాలు, మీ పద్ధతిని గౌరవిస్తారు. అక్కడ చెల్లదు. గ్రంథం మీద చెయ్యి, అదొక్కటే వాళ్ళకు తెలిసిన భాష.”

“ఆ వాంగ్మూలానికి రెండో ప్రతి ఎక్కడికెళ్తుంది?” జెకర్యా అడిగాడు, కూర్చున్నచోటు నుంచే. “చెప్పవయ్యా. దాచకు.”

ట్రాస్క్ దాచలేదు. “వాషింగ్టన్‌కు.”

“విన్నావా షూబెల్? నీ ఒట్టును అక్కడ బల్లగుద్ది చదువుతారు. క్వేకరు కూడా ఒట్టేశాడంటే ఇంక సందేహమేముంది అంటారు. నీ మాటను మందుగా కూరి ఫిరంగి పేలుస్తారు. ఒక్క జేబెజ్ ఇంటికొస్తాడు; ఎంతమంది జేబెజ్‌లు సముద్రం అడుక్కి పోతారు? నువ్వు ఒట్టేస్తే ఈ కూటం నిన్ను ఉంచుకోలేదు. అది నీకు తెలుసు. నేను నీ పక్కన ఇరవై ఏళ్ళు కూర్చున్నా. నా చేత ఆ మాట అనిపించకు.”

“నీకు అల్లుడు లేడు జెకర్యా,” అంది మేరబ్. “నీ కొడుకులిద్దరూ గొర్రెలు కాస్తారు. గొర్రెల్ని ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోరు.”

జెకర్యా ముఖం తెల్లబోయింది.

షూబెల్ కదలకుండా నిలబడి ఉన్నాడు. ఎదుట కూతురు. పక్కన ఇరవై ఏళ్ళ జీవితం. వెనక గోడ. ఆయన చూపు మెల్లగా దిగి, గౌను అంచు పట్టుకుని నిలబడ్డ పిల్ల మీద ఆగింది. తండ్రిని ఎన్నడూ చూడని ఆ పిల్లకు జేబెజ్ కనుబొమ్మలే వచ్చాయి.

ఆయన చెయ్యి పైకి లేచింది. టోపీ తీసింది.

ప్రార్థన చేస్తాడనుకుని కూటమంతా లేచి నిలబడింది. అది మా ఆచారం. ఆయన ప్రార్థించలేదు. టోపీని జెకర్యా పక్కన, ఇరవై ఏళ్ళు తాను కూర్చున్న చోట, తన బదులు కూర్చోబెట్టినట్టుగా పెట్టాడు. ఎదురుబల్ల మెట్టు దిగాడు. మధ్యదారిలో నడిచి ట్రాస్క్ ముందు ఆగాడు.

“నీ గ్రంథం తియ్,” అన్నాడు.

ట్రాస్క్ తోలుసంచి కట్లు విప్పాడు. నల్ల అట్ట గ్రంథాన్ని రెండు అరచేతుల మీద పరిచి పట్టుకున్నాడు. షూబెల్ కుడిచెయ్యి ముందుకు వచ్చింది. ఎండకూ ఉప్పుకూ పగిలిన చెయ్యి, తుఫానులో చుక్కాని వదలని చెయ్యి. ఈసారి జానెడు దూరం దాటింది. గ్రంథం మీద ఆనింది.

“నేనన్నట్టు అనండి కెప్టెన్ గారూ,” ట్రాస్క్ గొంతు సవరించుకున్నాడు. “జేబెజ్ స్వేన్ అనే ఇతను, నాకు తెలిసి నిజంగా, నాంటకెట్ దీవిలో...”

“షూబెల్.”

ఆ పిలుపు ఆడవాళ్ళ ఎదురుబల్ల మీది నుంచి వచ్చింది. హెప్సిబా నిలబడి ఉంది. పట్టుకోవడానికి ముందున్న కొయ్యను వెతుక్కుంటున్న ఆమె చేతులు దొరికినదాన్ని గట్టిగా బిగించాయి.

“చెయ్యి తియ్ షూబెల్.”

“నన్నాపకు హెప్సిబా. వెలివేసే మాట తర్వాత అందువుగాని. ఒట్టు పెట్టడం తప్పని నీకన్నా నాకు బాగా తెలుసు.”

“ఒట్టు తప్పని అనటం లేదు. నువ్వు పెట్టబోయే మాటే తప్పు అంటున్నా.”

ట్రాస్క్ తలెత్తాడు. మేరబ్ అటు తిరిగింది.

“వాడు పుట్టినప్పుడు నువ్వెక్కడున్నావ్?” హెప్సిబా అడిగింది.

“దక్షిణ సముద్రంలో. నేనొచ్చేసరికి వాడు పాకుతున్నాడు. పక్కింట్లో...” షూబెల్ మాట సగంలో ఆగింది. పాకుతున్నవాణ్ణి చూసినవాడు, పుట్టినచోటు చూడలేదని ఆయనకు మొదటిసారిగా తట్టింది.

“మొగుడికి జ్వరమని హాలిఫాక్స్ నుంచి కబురొస్తే వాళ్ళమ్మ డెబోరా ఆగలేదు. కడుపుతో ఉంది. ఇంకా నెలలు నిండలేదు, ఈలోగా తిరిగొచ్చేస్తా అంది. నేను తోడెళ్ళా. మొగుణ్ణి పూడ్చిన వారానికి నొప్పులొచ్చాయి.” ముసలామె ఊపిరి తీసుకుంది. “బిడ్డతో తిరిగొచ్చాం. రేవులో అందరూ మొగుడి గురించే అడిగారు. బిడ్డ ఎక్కడ పుట్టాడని ఒక్కరూ అడగలేదు. ఇరవై ఆరేళ్ళు ఎవరూ అడగలేదు. డెబోరా పోయింది. వాడికీ తెలీదు. అడగనిదాన్ని నేను మోశా. కానీ నా కళ్ళముందు ఆ మాట ఒట్టయి పోతుంటే ఊరుకోలేను.”

“అత్తా,” అంది మేరబ్. ఆ పిలుపు బతిమాలడంలా వినిపించింది.

“వాణ్ణి నా చేతుల్లోకి తీసుకున్నది హాలిఫాక్స్ రేవుకు ఎదురొడ్డున, ఒక అద్దెగదిలో. కిటికీలోంచి ఇంగ్లండు రాజు జెండా కనిపిస్తోంది. వాళ్ళ చట్టం ప్రకారం ఆ లెఫ్టినెంట్ అన్నది నిజమే తల్లీ. వాడు వాళ్ళ రాజు ప్రజే.”

అబద్ధం రాని అన్ని నోళ్ళూ, నిజం విన్న అన్ని చెవులూ ఆ గోడల మధ్య నిలబడి ఉన్నాయి. అందరిలోకీ ట్రాస్క్ ఒక్కడే బయటివాడు. అతను హెప్సిబాను చూశాడు, మేరబ్‌ను చూశాడు, తలుపును చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి అన్నాడు:

“నేనేమీ వినలేదు. ఈ మందిరంలో మీరు మాట్లాడుకునేది నాకు సరిగా వినిపించలేదు. పోటు సమయం దగ్గర పడుతోంది, కెప్టెన్ గారూ.”

షూబెల్ చెయ్యి ఇంకా గ్రంథం మీదే ఉంది. ఆయన కళ్ళు ఆ చేతినే చూస్తున్నాయి, అది తనది కానట్టు. అచ్చంగా ఆనాడు జేబెజ్ చూసినట్టు. ఇప్పుడిది ఒట్టు మాత్రమే కాదు, అబద్ధపు ఒట్టు. వేళ్ళు ఒక్కొక్కటే అట్ట మీది నుంచి లేవసాగాయి.

మేరబ్ ఆడవాళ్ళ వరుసను వదిలి మధ్యదారిలోకి వచ్చింది. పిల్లను చంకనెత్తుకుని తండ్రి పక్కన నిలబడింది. తన అరచేతిని ఆయన చేతి మీద వేసి, లేస్తున్న ఆ వేళ్ళను తిరిగి గ్రంథం మీదికి అదిమింది.

“తియ్యకు, నాన్నా,” అంది.